ఫరో మంత్రగాళ్లు ఎక్కడ ఆగిపోయారు?

ప్రశ్న: బైబిల్లో దేవుడు పంపిన మోషే, అతని అన్న అహరోను చేసినవే ఐగుప్తు (ఈజిప్టు) రాజు ఫరో శకునగాండ్రూ, అంటే మంత్రగాళ్లూ చేశారు కదా! మరి దేవుని అద్భుతానికీ మంత్రవిద్యకూ తేడా ఎలా తెలుస్తుంది?

జవాబు: నిర్గమకాండము 7, 8 అధ్యాయాలను ఆపకుండా ఒకేసారి చదవండి. కర్రలు పాములవడం, నీళ్లు రక్తమవడం, కప్పలు రావడం: ఈ మూడింటినీ వాళ్లు చేసి చూపారు. కానీ అహరోను కర్ర వాళ్ల కర్రల్ని మింగేసింది. కప్పల సంగతి ఇంకా ముఖ్యం. వాళ్లు కప్పల్ని రప్పించారే గానీ, ఉన్నవాటిని పంపలేకపోయారు. అంటే దేవుడు ఐగుప్తు మీదికి పంపిన తెగుల్ని (శిక్షను) పెంచారు, తగ్గించలేదు. అందుకే ఫరో తన మంత్రగాళ్లను వదిలి మోషేను బతిమాలాడు. కప్పలు ఎప్పుడు పోవాలో చెప్పమని మోషే అడిగితే, ఫరో ‘రేపు’ అన్నాడు. మోషే మంత్రం చదవలేదు, యెహోవాకు మొరపెట్టాడు. పేల తెగులు దగ్గర శకునగాండ్రే చేతులెత్తేసి, ‘ఇది దైవశక్తి’ అని ఒప్పుకున్నారు (8:19). దద్దుర్లప్పుడైతే మోషే ఎదుట నిలవనేలేకపోయారు (9:11).

అయితే శక్తిని మాత్రమే కొలిస్తే మోసపోతాం. చాలామంది పొరబడేది ఇక్కడే. ద్వితీయోపదేశకాండము 13:1-3 చూడండి: సూచన నిజంగా జరిగినా, అది అన్య దేవతల వైపు తిప్పితే ఆ ప్రవక్త మాట వినకూడదు.