కంపెనీ ఇచ్చే 2 లక్షలు చాలవని చీటీ పాడొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. ఉద్యోగం మంగళగిరిలో, చేతికొచ్చే జీతం 48,000. బండి కొనుక్కోవడానికి మా కంపెనీ వడ్డీ లేకుండా 2 లక్షలు ఇస్తోంది, 36 నెలల్లో జీతంలోంచి పట్టుకుంటుంది. రోజూ ఆఫీసుకీ అదే బండి, భార్యతో నెలకోసారి సూర్యలంకకీ, ఏడాదికి రెండుసార్లు శ్రీశైలానికీ అదే బండి కావాలి. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 ఆన్‌రోడ్ 3.70 లక్షలు చెప్పారు, క్లాసిక్ 350 అయితే 2.40 లక్షలు. బ్యాంకులో 1.10 లక్షలు ఉన్నాయి. చెల్లి ఎంబీఏ ఫీజు కోసం 2.50 లక్షల చీటీ (50 నెలలు) వేస్తున్నాను, 11 నెలలు కట్టాను. ఆ చీటీ పాడేసి హిమాలయన్ తీసుకోవచ్చా?

జవాబు: చీటీ జోలికి వెళ్లకండి. 350 తీసుకోండి. ఎందుకో చెబుతాను.

ముందు మీ బండి ఎక్కడెక్కడ తిరుగుతుందో చూద్దాం. గుంటూరు నుంచి మంగళగిరికి రానూపోనూ సుమారు 40 కిలోమీటర్లు. నెలకు 22 రోజులు వేసుకున్నా ఏడాదికి 10,500 దాటుతుంది. సూర్యలంక రానూపోనూ 120 చొప్పున పన్నెండు సార్లు, శ్రీశైలం దాదాపు 440 చొప్పున రెండు సార్లు కలిపితే 2,300 పైచిలుకు. అంటే ప్రతి వంద కిలోమీటర్లలో ఎనభై పైగా పెదకాకాని, నంబూరు, కాజ మీదుగా వెళ్లే హైవే మీదే. ఆ రోడ్డుకి 450 సీసీ అక్కర్లేదు. ఇద్దరూ లగేజీతో శ్రీశైలం దారిలోని దోర్నాల ఘాట్ ఎక్కడానికి కూడా 350 సీసీ ఇబ్బంది పెట్టదు. హిమాలయన్ మంచి బండి కాదని నా ఉద్దేశం కాదు. మట్టిరోడ్లు, కొండదారులు పట్టుకుని వారాలకు వారాలు తిరిగేవాళ్లకు అది సరిపోతుంది. మీ ఉత్తరంలో అలాంటి ప్రయాణం ఒక్కటీ లేదు.

ఇక ధర. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. 350 దాటితే 40 శాతం. క్లాసిక్ 349 సీసీ, హిమాలయన్ 452 సీసీ, అంటే గీతకు చెరోవైపు. పన్ను లేని ధర 2 లక్షలు అనుకుంటే ఒక వైపు పన్ను 36,000, రెండో వైపు 80,000. లైఫ్ ట్యాక్స్ కూడా ధరలో శాతం కాబట్టి అదీ దాంతో పాటే పెరుగుతుంది. కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒకేసారి కట్టాలి. 2022 జూన్ రేట్ల ప్రకారం 150 నుంచి 350 సీసీ లోపు 7,365, ఆపైన 15,117. పెట్రోల్ తేడా మాత్రం మీరు భయపడేంత ఉండదు. లీటరు 110 చొప్పున, 350కి 35 మైలేజీ అనుకుంటే ఆఫీసు ఖర్చు నెలకు 2,770 దాకా, హిమాలయన్‌కి 30 అనుకుంటే 3,230 దాకా.

అసలు సంగతి చీటీ. 3.70 లక్షల్లో కంపెనీ 2 లక్షలు పోగా, పొదుపు ముట్టుకోకుండా ఇంకా 1.70 కావాలి. 2.50 లక్షల చీటీలో 1.70 చేతికి రావాలంటే 80,000 వదులుకుని పాడాలి. రిజిస్టర్డ్ చీటీలో నడిపేవాళ్ల కమిషన్ 7 శాతానికి మించకూడదు, అంటే 17,500. కాబట్టి ఆఖరిదాకా ఆగితే కనీసం 2,32,500 వస్తాయి. తేడా 62,500. బండి అంత ప్రియమైందన్నమాట! పైగా మిగతా 39 వాయిదాలూ ఆగవు, పాడినవాళ్లు జామీను చూపించాలి, చెల్లి ఫీజు కట్టే రోజు వచ్చేసరికి చేతిలో ఏమీ ఉండదు. అప్పుడు చేసే అప్పుకి వడ్డీ ఉంటుంది. ఆ అమ్మాయి చదువు కోసం మొదలుపెట్టిన డబ్బు ఆమెకే వెళ్లాలని నేను గట్టిగా చెబుతున్నాను.

350 తీసుకుంటే మీ పొదుపులోంచి 40,000, రెండు మంచి ఐఎస్ఐ హెల్మెట్లకీ శాడిల్ బ్యాగులకీ ఇంకో పదివేలు. బ్యాంకులో 60,000 మిగులుతాయి, అది కదపకండి. జీతంలో కోత నెలకు 5,556. పెట్రోల్ కలిపినా 8,300 చిల్లర, జీతంలో ఆరో వంతు కంటే కాస్త ఎక్కువ. టెన్షన్ పడక్కర్లేదు.

వడ్డీ లేని అప్పు మీద పన్ను ఉంటుందని మీ కొలీగ్ ఎవరైనా అనొచ్చు. 2025-26 నిబంధనల ప్రకారం అది నిజమే. ఆర్థిక సంవత్సరం మొదటి రోజున స్టేట్ బ్యాంక్ అలాంటి లోన్‌కు తీసుకునే రేటుతో లెక్కగట్టి, మీకు మిగిలిన వడ్డీని జీతంలో కలుపుతారు. కానీ 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12.75 లక్షల జీతం దాకా పన్ను పడదు. మీ జీతానికి ఇది కలిపినా ఆ హద్దు చాలా దూరం.

సంతకం పెట్టేముందు హెచ్ఆర్‌ని కొన్ని విషయాలు మెయిల్‌లోనే అడగండి, నోటిమాట చాలదు. మధ్యలో ఉద్యోగం మానేస్తే బాకీ మొత్తం ఫైనల్ సెటిల్‌మెంట్‌లో ఒకేసారి కోస్తారా, వాయిదాలకు ఒప్పుకుంటారా? ఏడాదిలో మారే ఆలోచన ఉంటే ఇదే అన్నిటికంటే ముఖ్యం. ఆర్‌సీ మీద కంపెనీ పేరు హైపోథికేషన్‌గా (అప్పు తీరేదాకా బండి తాకట్టులో ఉన్నట్టు) ఎక్కుతుందా? ఎక్కితే బండి పోయినా, పూర్తిగా దెబ్బతిన్నా క్లెయిమ్ డబ్బు ముందు బాకీకే వెళ్తుంది. అందుకే మొదటి మూడేళ్లూ రిటర్న్ టు ఇన్వాయిస్ కవర్ (బండి పోతే కొన్న ధర ఇచ్చే అదనపు బీమా) తీసుకోండి. సొంతదారుడికి 15 లక్షల ప్రమాద బీమా ఎలాగూ తప్పనిసరి, కొటేషన్‌లో అది ఉందో లేదో చూడండి.

36వ వాయిదా అయ్యాక కంపెనీ నుంచి ఎన్ఓసీ (బాకీ లేదనే పత్రం), ఫారం 35 (హైపోథికేషన్ రద్దు ఫారం) తీసుకుని ఆర్‌టీఓ దగ్గర హైపోథికేషన్ తీయించుకోండి. అది తీయించకపోతే రేపు బండి అమ్మేటప్పుడు పేరు మార్పు ఆగిపోతుంది.