వంద అడిగితే పది ఇస్తామన్నారు: మీడియేషన్ నుంచి లేచి వచ్చేయాలా?

ప్రశ్న: సరఫరా చేసిన సరుకు తాలూకు 100 లక్షల బకాయి మీద మీడియేషన్‌కు, అంటే మధ్యవర్తి సాయంతో జరిగే రాజీ చర్చలకు వెళ్లాం. నాణ్యత బాగాలేదంటూ అవతలివాళ్లు 10 లక్షల దగ్గర మొదలుపెట్టారు. ఇంత అవమానమా, లేచి వచ్చేద్దాం అంటున్నారు మా డైరెక్టర్లు. ఏం చేయమంటారు?

లేవకండి. అసలు బేరం ఇంకా మొదలే కాలేదు. మీవాళ్లకు కోపం వచ్చిందంటే ఆ 10 తన పని తాను చేస్తోందన్నమాట. మొదట చెవినపడ్డ అంకె ఎంత అర్థంపర్థం లేనిదైనా మన అంచనాను తనవైపు లాగుతుంది. 1974లో మనస్తత్వ శాస్త్రవేత్తలు ట్వెర్‌స్కీ, కానెమన్ వివరించిన ప్రయోగంలో ఒక చక్రం తిప్పి, ఆపైన ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాల శాతమెంతో చెప్పమన్నారు. చక్రం 10 దగ్గర ఆగినవాళ్ల అంచనా మధ్యస్థంగా 25, 65 దగ్గర ఆగినవాళ్లది 45. దీనికి విరుగుడు ఒకటే: గదిలోకి వెళ్లకముందే మీ సొంత అంకె కాగితం మీద ఉండాలి.

అది ఇలా వేయండి. ఒప్పందం ప్రకారం బాకీ ఉందని రుజువయ్యే అవకాశం 80 శాతం, నాణ్యత అభ్యంతరం వీగిపోయే అవకాశం 70 శాతం అనుకుందాం. రెండూ గట్టిగానే ఉన్నాయి కదా అని అందరూ మనసులో 75 వేసుకుంటారు. కానీ రెండూ నెగ్గితేనే డబ్బు, కాబట్టి హెచ్చించాలి: 56 శాతం, అంటే 100 లక్షల్లో 56 లక్షలు. తీర్పు రావడానికి రెండేళ్లు పడితే, ఏడాదికి 10 శాతం చొప్పున తగ్గిస్తే ఇవాళ్టి విలువ దాదాపు 46. ఇకముందు పెట్టబోయే ఖర్చు 12 తీసేస్తే 34. ఇప్పటిదాకా లాయర్లకు పోసింది ఇందులో కలపొద్దు. రాజీపడినా పడకపోయినా అది తిరిగి రాదు. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే.

ఇదే లెక్క అవతలివైపు నుంచి కూడా వేయండి. 46కు వాళ్ల ఖర్చు కూడా 12 అనుకుని కలిపితే 58. అంటే గెలుపోటములను వాళ్లూ మీలాగే చూస్తే 34 నుంచి 58 దాకా ఎక్కడ కుదిరినా ఇద్దరికీ కోర్టు కన్నా మేలే. నిజానికి వాళ్లు మీలా చూడరు. ఎవరి కేసు వాళ్లకు ముద్దు.

ఇప్పుడు ఆ 10ని మళ్లీ చూడండి. 100కూ 10కీ నడిమధ్య 55. మీ 34 కన్నా ఎంతో పైన! అంకెను చూసి కాదు, ఈ నడిమి బిందువు ఎటు జరుగుతోందో చూసి ఆడాలి. ప్రతి రౌండ్లోనూ రాసుకోండి.

మీరు దిగే మెట్ల ఎత్తు కూడా మాట్లాడుతుంది. 100 నుంచి 90, 84, 80 అని దిగితే ఇక 75 దగ్గర ఆగిపోతారని అవతలివాళ్లు చదువుకుంటారు. ఆ తర్వాత ఒక్కసారిగా 60 అన్నారో, అంతకుముందు చూపించిన బిగువంతా నటనేనని తేలిపోతుంది. మీరు ఎంత దిగినా ఇంకా దిగుతారనే నమ్ముతారు. మెట్టు ఎందుకు దిగారో కారణం కూడా చెప్పాలి: ఫలానా బ్యాచ్ తనిఖీ నివేదిక చూశాం కాబట్టి ఇంత తగ్గించాం అని. కారణం లేని తగ్గింపు భయంలా వినిపిస్తుంది.

కదలిక ఆగిపోతే షరతుతో కూడిన జంట అంకెలు వాడండి: "మీరు 40కి వస్తే మేం 70కి వస్తాం." దీని లోపల 55 దాగి ఉందని వాళ్లకూ తెలుసు. బదులుగా వాళ్లు "మీరు 60కి వస్తే మేం 20కి వస్తాం" అన్నారనుకోండి, వాళ్ల నడిమి అంకె 40. తొంభై ఉందనుకున్న తేడా పదిహేనుకు దిగినట్టు కనిపిస్తుంది. అయితే మీరు 55కి ఒప్పేసుకున్నట్టే వాళ్లు మాట్లాడతారు, దానికి సిద్ధంగా ఉండండి.

విడిగా కూర్చున్నప్పుడు మీ అట్టడుగు అంకె మధ్యవర్తికి తొందరపడి చెప్పొద్దని నా సలహా. ఆయన బయటపెడతారని కాదు, తెలియకుండానే ఆయన గురి అక్కడికి పోతుంది. ఏ మాట అవతలికి చెప్పొచ్చో, ఏది చెప్పకూడదో అప్పటికప్పుడు స్పష్టంగా తేల్చండి. ఇంకో సంగతి: ప్రత్యర్థి నోటినుంచి వస్తే చులకనైపోయే ప్రతిపాదనే మధ్యవర్తి నోటినుంచి వస్తే ఆలోచించదగ్గదిగా కనిపిస్తుంది. అందుకే చివర్లో ఆయన్నే ఒక అంకె రాసివ్వమంటారు. ఇద్దరూ విడివిడిగా అవునో కాదో చెప్పాలి. ఒకరు కాదంటే, రెండోవాళ్లు అవునన్న సంగతి బయటికి రాదు. అది కేసు విలువ కాదు, ఇద్దరూ మింగగలరని ఆయనకు తోచిన అంకె. ముందే అడిగి ఈ అస్త్రాన్ని వృథా చేసుకోకండి.

సంతకం చేసే అధికారం ఉన్న మనిషి గదిలోనే ఉండాలి. ఫోన్లో ఉన్న డైరెక్టర్ మీ సాక్ష్యంలోని బొక్కల గురించి విని ఉండరు. ఆయన ఇంకా పొద్దుటి అంకె దగ్గరే ఉంటారు.

అంకె కుదిరిన రాత్రే కాగితం రాయించండి. వాయిదాల తేదీలు, పన్ను ఎవరిది, కేసు ఎప్పుడు వెనక్కి తీసుకోవాలి, ఒక వాయిదా తప్పితే ఏమిటి అన్నవన్నీ అందులో ఉండాలి. 50కి రాజీ కుదిరితే, వాయిదా తప్పిన రోజున ఆ 50లో కట్టింది పోను మిగిలింది కాదు, ఒప్పుకున్న అసలు బాకీలో కట్టింది పోను మిగతాదంతా ఇవ్వాలన్న షరతు అడగండి. కొన్ని చోట్ల దీన్ని జరిమానాగా చూసి కొట్టేసే ప్రమాదం ఉంది కాబట్టి, ముందు బాకీ ఒప్పుకున్నట్టు, గడువులోగా కడితేనే తగ్గింపు ఇస్తున్నట్టు రాయించాలి. ఆ వాక్యం మీ లాయరు చేతే రాయించండి.