మిల్క్ థిసిల్ క్యాప్సూల్స్‌తో ఫ్యాటీ లివర్ తగ్గుతుందా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ గ్రేడ్ 2 అని వచ్చింది, ఎస్‌జీపీటీ అనే లివర్ ఎంజైమ్ కూడా కాస్త ఎక్కువే ఉంది. షుగర్‌కి రెండేళ్లుగా టాబ్లెట్లు వాడుతున్నా. మిల్క్ థిసిల్ క్యాప్సూల్స్ వేసుకుంటే లివర్ క్లీన్ అయిపోతుందని తెలిసినావిడ ఒకరు చెప్పారు. మొక్క నుంచి తీసిందే కాబట్టి సైడ్ ఎఫెక్ట్స్ ఉండవంటున్నారు. మొదలుపెట్టనా? డాక్టర్‌కి చెప్పాల్సిన అవసరం ఉందా?

జవాబు: డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలండీ, అది కూడా మొదటి క్యాప్సూల్ వేసుకోకముందే. ఈ మొక్క గింజల మందు రక్తంలో షుగర్‌ని కొంచెం తగ్గించగలదని కొన్ని పరిశోధనల్లో కనిపించింది, వినడానికి బాగానే ఉంటుంది గానీ మీరు వాడేది గ్లిమిపిరైడ్ లాంటి టాబ్లెట్ అయితే దానికి ఇది కూడా తోడై షుగర్ మరీ పడిపోయే అవకాశం ఉంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం లాంటివి వస్తే క్యాప్సూల్ వల్లే అని చాలామందికి తట్టదు కూడా.

ఇక అసలు విషయం. మిల్క్ థిసిల్ అంటే మధ్యధరా సముద్రం చుట్టుపక్కల పుట్టిన ముళ్ల మొక్క, ఊదారంగు పూలు, ఆకుల మీద పాలు ఒలికినట్టు తెల్లటి చారలు. మందంతా గింజల్లో ఉంటుంది, దాని పేరు సిలిమారిన్, అందులో ముఖ్యమైనది సిలిబినిన్. దీనికి ఇంత పేరు రావడానికి పెద్ద కారణం డెత్ క్యాప్ అనే విషపు పుట్టగొడుగు. ఆ విషం లివర్ కణాల్లోకి దూరే దారిని సిలిబినిన్ అడ్డుకుంటుంది, అందుకే యూరప్‌లో ఆ పుట్టగొడుగు తిన్నవాళ్లకి హాస్పిటల్‌లో సిలిబినిన్‌ని సెలైన్‌లో కలిపి నరంలోకి ఎక్కిస్తారు. చావుబతుకుల్లో ఉన్నవాళ్లని రెండు గ్రూపులు చేసి కొందరికి మందు ఆపి చూడలేరు కాబట్టి దాని మీద కూడా గట్టి పరీక్ష జరగలేదు, అయినా వాడతారు. నా బాధల్లా ఆ నరం మందుకొచ్చిన పేరు చూపించి నోటితో వేసుకునే క్యాప్సూల్స్ అమ్మడం గురించే, ఎందుకంటే సిలిమారిన్ నీళ్లలో సరిగా కరగదు, నోటితో తీసుకుంటే ఒంటికి పట్టేది తక్కువ.

క్యాప్సూల్స్ మీద జరిగిన పరీక్షలు ఒకదానితో ఒకటి పొసగవు. 1989లో వచ్చిన ఒక స్టడీలో సిర్రోసిస్ (లివర్ మచ్చలు పడి గట్టిపడే జబ్బు) ఉన్న 170 మందిని చూస్తే నాలుగేళ్ల తర్వాత సిలిమారిన్ తీసుకున్నవాళ్లలో 58 శాతం, మందేమీ లేని ఉత్త మాత్ర తీసుకున్నవాళ్లలో 39 శాతం బతికున్నారు, అది చూసి అందరికీ బోలెడు ఆశ పుట్టింది. 1998లో ఆల్కహాల్ వల్ల సిర్రోసిస్ వచ్చిన 200 మంది మీద చేసిన స్టడీలో మాత్రం ఏ తేడా కనపడలేదు. 2012లో హెపటైటిస్ సి ఉన్న 154 మందికి మామూలు కంటే ఎక్కువ డోసు ఆరు నెలలపాటు ఇచ్చి చూశారు, ఎస్‌జీపీటీ ఉత్త మాత్ర వాళ్లకీ వీళ్లకీ ఒకేలా ఉంది. ఫ్యాటీ లివర్‌లో కొన్ని చిన్న స్టడీస్‌లో ఎంజైములు కొద్దిగా తగ్గాయి, ఆ మాట నిజమే, కానీ రిపోర్టులో నంబర్ తగ్గడమూ లివర్ బాగుపడటమూ ఒకటి కాదు. నంబర్ తగ్గిందని ధైర్యం వచ్చి మిగతావి వదిలేసేవాళ్లని తలుచుకుంటేనే నాకు భయం.

మీ లివర్‌లో కడిగెయ్యాల్సిన మురికి ఏమీ లేదు, ఉన్నది కణాల్లో పేరుకున్న కొవ్వు. బరువు ఎక్కువుంటే అందులో 7 నుంచి 10 శాతం తగ్గితే కొవ్వూ వాపూ రెండూ తగ్గుతాయని బాగా రుజువైంది. 80 కిలోలున్న మనిషికి అది 6 నుంచి 8 కిలోలు, ఒక్క నెలలో కాదు, నిదానంగా. దాంతో పాటు షుగర్ కంట్రోల్‌లో ఉండాలి, మద్యం అలవాటుంటే మానెయ్యాలి. ఇవన్నీ చేస్తూ, డాక్టర్ సరే అంటే క్యాప్సూల్ కూడా వేసుకుంటానంటే నేను వద్దనను.

సేఫ్టీ సంగతికొస్తే చాలామందికి ఇది బాగానే పడుతుంది, కొందరికి విరేచనాలు, వికారం, కడుపుబ్బరం వస్తాయి. చామంతి, బంతి జాతి మొక్కలంటే ఎలర్జీ ఉన్నవాళ్లు మాత్రం దూరంగా ఉండాలి, ఇదీ ఆ కుటుంబమే, దద్దుర్ల దగ్గర్నుంచి ఊపిరాడని ఎలర్జీ దాకా రావచ్చు. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు, అవయవ మార్పిడి అయ్యి సిరోలిమస్ వాడేవాళ్లు సొంతంగా అస్సలు మొదలుపెట్టకూడదు, ఒంట్లో ఆ మందుల మోతాదు మారిపోవచ్చు. గర్భిణులకీ పాలిచ్చే తల్లులకీ సేఫ్ అని చెప్పేంత సమాచారం లేదు కాబట్టి వాళ్లకి వద్దు. ఇంకోటి, కొన్ని మిల్క్ థిసిల్ సప్లిమెంట్లని టెస్ట్ చేస్తే వాటిలో బూజు విషాలు దొరికాయి, అందుకే బయటి ల్యాబ్‌లో టెస్ట్ అయిందా, సిలిమారిన్ ఎన్ని మిల్లీగ్రాములు అన్నది లేబుల్ మీద రాసి ఉందా చూసుకోండి.

ప్రశ్న: ఖాళీ స్థలంలో ముళ్ల ఆకులు, వాటి మీద తెల్ల చారలు ఉన్న మొక్క కనిపించింది. అదే మిల్క్ థిసిల్ అయితే గింజలు మరిగించి తాగొచ్చా?

జవాబు: వద్దండీ, దయచేసి వద్దు. పూలు పసుపురంగులో ఉండి, కాడ విరిస్తే పసుపు పాలు కారితే అది బలురక్కసి, బ్రహ్మదండి అని కూడా అంటారు. దాని ఆకులు కూడా అచ్చం ఇలాగే ముళ్లతో తెల్ల చారలతో ఉంటాయి, కానీ గింజల్లో సాంగ్వినారిన్ అనే విషం ఉంది, ఆ నూనె వంటనూనెలో కలిసినప్పుడు కాళ్లు వాచి, గుండె దెబ్బతిని మనుషులు చనిపోయారు కూడా. ఆట్రాక్టిలిస్ అని ఇంకో ముళ్ల మొక్క ఉంది, అదీ థిసిలే, దాని వేరు తిన్నవాళ్లకి లివర్, కిడ్నీలు రెండూ పాడయ్యాయి. మీరు చూసింది నిజంగా మిల్క్ థిసిలే అయినా, సిలిమారిన్ నీళ్లలో కరగదని పైన చెప్పాను కదా, మరిగించి తాగితే కషాయంలోకి దిగేది చాలా తక్కువ. ఇప్పటికే తాగి ఉంటే, కాళ్ల వాపు, ఆయాసం, ఆగని వాంతులు ఏది కనిపించినా వెంటనే హాస్పిటల్‌కి వెళ్లండి, వెళ్లేటప్పుడు ఆ మొక్క కొమ్మ ఒకటి కవర్లో పెట్టి తీసుకెళ్లండి.