కొత్తిమీర కట్టను ఎట్లా కడగాలి?

మహబూబ్‌నగర్ నుంచి చదువుకోసం ఈ మధ్యనే డల్లాస్ వచ్చిన ఒక చెల్లెలు, ఇక్కడి కూరగాయలను ఉప్పునీళ్లలో నానబెట్టాలా, పసుపునీళ్లలోనా, వెనిగర్‌లోనా అని అడిగింది. ఇరవై ఏళ్లుగా ఇక్కడ వండుకుని తింటున్న అనుభవంతో చెబుతున్నాను: దేంట్లో నానబెట్టామన్నదానికన్నా, ఆ కూరను ఉడికించి తింటామా, పచ్చిగా తింటామా అన్నదే ముందు చూసుకోవాలి.

గోబీ పువ్వును ఉప్పు వేసిన వేడినీళ్లలో ముంచడం మన ఇళ్లలో అలవాటు. దాంతో పచ్చపురుగు బయటికి వస్తుంది కనుక అలవాటు మంచిదే, కానీ ఆ పురుగు మన కడుపులో బతికేది కాదు. భయపడవలసినవి కంటికి కనిపించవు. ఏలికపాముల గుడ్లు, పందిమాంసంతో ముడిపడిన బద్దెపురుగు గుడ్లు మనుషుల మలం కలిసిన నీళ్ల నుంచి, మట్టి నుంచి ఆకులకు అంటుకుంటాయి. ఆ బద్దెపురుగు గుడ్లు కడుపులోకి పోతే, వాటి పిల్లలు మెదడు దాకా చేరి ఫిట్స్ తెప్పించగలవు. పందిమాంసం ఎన్నడూ ముట్టనివారికి కూడా ఈ జబ్బు రావచ్చు. హైదరాబాద్ మురుగును మోసుకొచ్చే మూసీ, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేలోగా ఎన్ని పొలాలకు పారుతుందో తెలిసిన నల్లగొండవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు.

అమెరికా వచ్చాం కనుక ఆ బెడద తప్పిందనుకోవద్దు. 2013, 2014లలో టెక్సాస్‌లో ఎంతోమందిని విరేచనాలతో మంచాన పడేసిన సైక్లోస్పోరా అనే పరాన్నజీవికి మూలం వెతికితే, మెక్సికోలోని ప్యూబ్లా రాష్ట్రం నుంచి వచ్చిన కొత్తిమీర వైపు దారి తీసింది. అక్కడి కొన్ని తోటల్లో మనుషుల మలం, టాయిలెట్ కాగితాలు కనిపించాయి. 2015లో ఇక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఏప్రిల్ 1 నుంచి ఆగస్టు 31 వరకు ఆ రాష్ట్రపు కొత్తిమీరను సరిహద్దులోనే ఆపే ఏర్పాటు చేసింది. క్లోరిన్ నీళ్లకే లొంగని ఈ జీవిని మన ఉప్పు, పసుపు, వెనిగర్ చంపుతాయని నమ్మలేము.

అందుకే కడగడమంటే చంపడం కాదు, వదిలించడం. కట్ట విప్పి, వేళ్లు కోసి, పెద్ద గిన్నెడు నీళ్లలో ఆకును బాగా జాడించి, చేత్తో పైకి తీయాలి. గిన్నెను జాలిలోకి వంపితే అడుగున దిగిన మట్టి మళ్లీ ఆకు మీదికే వస్తుంది. మూడుసార్లు నీళ్లు మార్చి, చివరికి కొద్దికొద్దిగా నల్లా ధార కింద కడిగి, శుభ్రమైన బట్టతో ఒత్తి తడి తీయాలి. సబ్బు వాడకూడదు, దానిని ఆకు పీల్చుకుంటుంది. కీర, క్యారెట్ వంటివాటిని చెక్కు తీయకముందే రుద్ది కడగాలి. లేకపోతే పైనున్న మురికి కత్తితోపాటు లోపలికి పోతుంది. క్యాబేజీ పై ఆకులు తీసి పారేస్తే చాలు. మూడుసార్లు కడిగి, తినడానికి సిద్ధమని ముద్రించి అమ్మే సంచుల్లోని ఆకును మళ్లీ కడగనక్కరలేదు.

పుంటికూర, తోటకూర ఎట్లాగూ ఉడుకుతాయి కనుక వాటికి ఇంత దిగులు లేదు. చిక్కంతా పచ్చిపులుసుతోనే. పచ్చి ఉల్లిగడ్డ, పచ్చి కొత్తిమీర లేనిదే మనకు అది పచ్చిపులుసే కాదు. ఒక వేసవిలో అట్లా తిన్న వారం తరువాత మొదలైన విరేచనాలు నన్ను మూడు వారాలు వదల్లేదు. అప్పటి నుంచి వేసవి నెలల్లో కొత్తిమీరను మరిగే నీళ్లలో నిమిషం పాటు ముంచి తీసిన తరువాతే పులుసులో వేస్తున్నాను. వాసన కొంత తగ్గుతుంది, అయినా సరే. ఇంట్లో గర్భిణి ఉంటే పచ్చి ఆకు విషయంలో ఇంకా జాగ్రత్త పడాలి, ఎందుకంటే మట్టిలో ఉండే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి కడుపులోని బిడ్డకు ముప్పు తెస్తుంది.

నీళ్ల విరేచనాలు వారం దాటినా తగ్గకపోతే డాక్టరుకు పచ్చి ఆకుకూర తిన్న సంగతి చెప్పి, సైక్లోస్పోరా పరీక్ష కావాలని పేరు పెట్టి అడగండి. మామూలు మలపరీక్షలో దానిని వెతకకపోవచ్చు. నాకు కూడా రెండోసారి అడిగిన తరువాతే ఆ పరీక్ష చేశారు.