ఆ పిల్ల ఏం చూసిందో మాకూ చూపించు

తల్లీ,

నీ నవల మొదటి అధ్యాయాలు చదివాను. మాయమైన స్నేహితురాలి కోసం పదిహేనేళ్ళ పిల్ల వెతకడం, ఆ కథ తనే చెప్పడం నాకు చాలా నచ్చాయి. ‘నేను’ అని చెప్పిస్తే ఆ వయసు భయం, రోషం నేరుగా తగులుతాయి. దాన్ని మార్చకు.

డైరీ దొరికిన చోట మాత్రం కోపం వచ్చింది. ఆ పిల్ల చివరి పేజీ చదివి వణికిపోతుంది గానీ అందులో ఏముందో మనకు చెప్పదు. దీంతో సస్పెన్స్ పుట్టదు, విసుగు పుడుతుంది. 1929లో ఇంగ్లీషు రచయిత రోనాల్డ్ నాక్స్ డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. డిటెక్టివ్ వెంట ఉండే స్నేహితుడు తన మనసులో మెదిలిన ఏ ఆలోచననూ పాఠకుడి దగ్గర దాచకూడదన్నది వాటిలో ఒకటి. షెర్లాక్ హోమ్స్ కథలే చూడు, దాదాపు అన్నీ ఆ డిటెక్టివ్ స్నేహితుడు వాట్సన్ చెప్పినవే. జవాబు హోమ్స్ బుర్రలో ఉంటుంది కాబట్టి వాట్సన్ చూసిందంతా చెప్పేసినా గుట్టు బయటపడదు. 1926లో వచ్చిన రెండు కథలు హోమ్స్ స్వయంగా చెప్పాడు. వాట్సన్ లేని లోటు తెలుస్తోందని వాటిలో ఒకదాంట్లో తనే అంటాడు.

నీ కథలో వెతికేదీ చెప్పేదీ ఒక్కరే. మరి గుట్టు ఎక్కడ దాస్తావు? ఆ పిల్ల నమ్మకాల్లో దాచు. తను ప్రాణంగా చూసుకునే అన్న చెప్పులనిండా బురద కనిపిస్తే, ‘పాపం, రాత్రంతా వాడూ వెతికాడు’ అనుకోనివ్వు. బురదను పాఠకుడూ చూశాడు, ఆమెతోపాటే నమ్మాడు. నిజం తెలిశాక ఆ పేజీ కోసం వెనక్కి వెళ్తాడు. మనుషుల్ని అంత గట్టిగా నమ్మే వయసు కథానాయిక దొరకడం నీ అదృష్టం.

‘అప్పటికి నాకు తెలియదు గానీ’ అనే వాక్యాలు కొట్టెయ్. ఆమె ఈ కథ ఎప్పుడు చెబుతోందో తేల్చుకో: జరిగిన రాత్రేనా, ఏడాది తర్వాతా? ఏడాది తర్వాతైతే ముగింపు ఆమెకు ముందే తెలుసు, ఆ బాధ మొదటి పేజీ గొంతులోనే వినపడాలి. నేరస్థుడి వైపు నుంచి రాసిన పేజీలు కూడా తీసెయ్.

ఇక భాష. భయపడ్డ పిల్ల ‘భీతావహ నిశ్శబ్దం’ అనదు, ‘ఫ్యాన్ చప్పుడు కూడా లేదు’ అంటుంది. ఇలాంటి చోట్ల పెన్సిల్‌తో గీత పెట్టాను. పైకి చదువుకుని చూడు.

ఆశీస్సులతో,
మీ మామయ్య