ఇంటర్ కాలేజ్ మ్యాచ్‌కు విజిల్ పట్టబోయే తమ్ముడికి

చి॥ తమ్ముడికి ఆశీస్సులు.

ఇంటర్ కాలేజ్ బాస్కెట్‌బాల్ టోర్నమెంట్‌లో రిఫరీగా దిగుతున్నావని తెలిసి చాలా సంతోషించాను. స్కూల్ మ్యాచ్‌లు చేసిన అలవాటుతో వెళ్ళకు. ఇక్కడ పిల్లల వేగం వేరు, ఒంటి బరువు వేరు. సైడ్‌లైన్‌కి ఆనుకుని ఆతిథ్య కాలేజీ కుర్రాళ్ళంతా నిలబడి అరుస్తుంటారు. ఇద్దరు పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్లకీ అది పరువు సమస్య.

“నిజాయితీగా ఉంటే చాలు, మిగతాది అదే వస్తుంది” అనుకుంటారు కొత్తగా వచ్చినవాళ్ళు. చాలదు. తప్పుడు కాల్స్‌లో ఎక్కువ భాగం పక్షపాతంతో ఇచ్చినవి కావు. నిలబడాల్సిన చోట నిలబడక, సరిగా కనపడనిదాన్ని ఊహించి ఊదినవి. అవతలి జట్టుకి మాత్రం రెండూ ఒకటే, నష్టం ఒకటే. అందుకే ముందు కాళ్ళ సంగతి చెప్తాను.

మన దగ్గర ఎక్కువగా ఇద్దరు రిఫరీలతోనే నడుపుతారు. బంతి ముందు పరిగెత్తి బేస్‌లైన్ దగ్గరికి చేరేవాడు లీడ్, బంతి వెనక సైడ్‌లైన్ వైపు ఉండేవాడు ట్రైల్. ఏ స్థానంలో ఉన్నా నీకు కనపడాల్సింది ఒక్కటే: అటాకర్‌కీ డిఫెండర్‌కీ మధ్య ఉన్న సందు. ఆ సందు మూసుకుపోయి ఒకడి వీపు మాత్రమే కనపడుతోందంటే, చెయ్యి తగిలిందో లేదో నీకు తెలియదు. అక్కడ విజిల్ ఊదితే అది ఊహే. రెండడుగులు పక్కకి జరిగితే సందు తెరుచుకుంటుంది. ఆట కదిలినప్పుడల్లా ఈ రెండడుగులు వెయ్యడానికి బద్ధకించకు. ట్రైల్‌గా ఉన్నవాళ్ళు సెంటర్ లైన్ దగ్గరే ఆగిపోయి అక్కడి నుంచి కీ (బాస్కెట్ ముందు గీసిన దీర్ఘచతురస్రం) లోపలి ఫౌల్ ఇస్తుంటారు. కాల్ ఒకవేళ సరైనదే అయినా అంత దూరం నుంచి ఇస్తే ఎవరూ నమ్మరు. లీడ్‌గా ఉన్నప్పుడు బేస్‌లైన్‌ని అంటుకుని ఉండకుండా బయటికి కాస్త వెనక్కి నిలబడు, చూపు విశాలమవుతుంది. బంతి అవతలి వైపు పోస్ట్‌లోకి (బాస్కెట్ దగ్గరి చోటు) వెళ్ళబోతోందని అనిపించగానే, పాస్ పడకముందే నువ్వు ఆ వైపు జరగాలి.

ఇద్దరూ బంతినే చూస్తూ ఉంటే మిగతా ఎనిమిది మంది మీద ఎవరి కన్నూ ఉండదు. గొడవలు పుట్టేది అక్కడే. బంతి లేనివాడి చొక్కా పట్టి లాగడం, కదులుతూ స్క్రీన్ పెట్టడం (డిఫెండర్ దారికి ఒళ్ళు అడ్డం పెట్టడం), రీబౌండ్‌లో (పడని షాట్ బంతిని అందుకునేటప్పుడు) మోచేత్తో తొయ్యడం, ఇవేవీ చూడకుండా చివర్లో అతను తిరగబడి తోసినప్పుడు మాత్రమే చూసి అతని మీద ఫౌల్ ఇస్తే, దెబ్బ తిన్నవాడికే శిక్ష వేసినట్టు. మ్యాచ్‌కి ముందు నీ తోటి రిఫరీతో పది నిమిషాలు కూర్చుని ఏ భాగం ఎవరిదో గీసి మాట్లాడుకో. బాస్కెట్‌కి వెళ్తున్న షాట్, గోల్‌టెండింగ్ (బాస్కెట్‌లోకి దిగుతున్న బంతిని తాకడం), క్వార్టర్ చివరి షాట్ ట్రైల్ చూసుకోవాలి. రెండు విజిళ్ళు ఒకేసారి మోగితే ముందు కళ్ళతో మాట్లాడుకోండి, చేతులతో సిగ్నల్ తర్వాత. ఒకడు బ్లాకింగ్ (తప్పు డిఫెండర్‌ది), ఒకడు ఛార్జింగ్ (తప్పు అటాకర్‌ది) చూపించారంటే ఆ మ్యాచ్‌లో మీ ఇద్దరి మాటకీ విలువ పోతుంది.

బ్లాకా, ఛార్జా అన్నదాని దగ్గర కాసేపు ఆగుదాం, ఎక్కువ అన్యాయం జరిగేది ఇక్కడే. గార్డు రైట్ నుంచి డ్రైవ్ చేస్తున్నాడు, అంటే బంతితో బాస్కెట్ వైపు దూసుకెళ్తున్నాడు, తోటివాడికి సాయంగా హెల్ప్ డిఫెండర్ అడ్డం వచ్చాడు, ఇద్దరూ కింద పడ్డారు. నీ కన్ను బంతి మీద ఉండి ఉంటే నీకు తెలిసేది పడిన చప్పుడు మాత్రమే. డ్రైవ్ మొదలవగానే కన్ను డిఫెండర్ మీదకి వెళ్ళాలి. మొదట అతని పాదాలు: అటాకర్‌కి ఎదురుగా తిరిగి, రెండు కాళ్ళూ నేల మీద మోపాడా? అటాకర్ గాల్లోకి లేవకముందే మోపాడా? తర్వాత, దెబ్బ ఎక్కడ తగిలింది? ఛాతీకి సూటిగా తగిలితే ఛార్జింగ్. భుజానికో తుంటికో పక్క నుంచి తగిలిందంటే డిఫెండర్ ఆలస్యంగా దూరాడని, అది బ్లాకింగ్. మన దగ్గర “కదులుతున్నాడు కాబట్టి బ్లాకింగే” అని ఒక తప్పుడు మాట పాతుకుపోయింది. ఒకసారి సరైన స్థానం సంపాదించాక డిఫెండర్ పక్కకీ వెనక్కీ జరగొచ్చు, ఛాతీ మీద దెబ్బ తప్పించుకోవడానికి తిరగొచ్చు, నిటారుగా పైకి ఎగరొచ్చు. ముందుకి దూసుకురాకూడదు, అంతే. చేతులు నిటారుగా ఎత్తి తన సిలిండర్‌లో (తన ఒంటి చుట్టూ నిటారుగా ఉన్న చోటులో) తను ఉన్నవాడి మీదికి అటాకర్ వచ్చి పడితే, డిఫెండర్ మీద ఫౌల్ ఇవ్వడం వాడి కష్టాన్ని దోచుకోవడమే. పొడుగాటి సెంటర్లకు ఈ అన్యాయం ఎక్కువ జరుగుతుంది. బాస్కెట్ కింద 1.25 మీటర్ల నో-ఛార్జ్ అర్ధవలయం (దాని లోపల నిలబడ్డ డిఫెండర్‌కి ఛార్జింగ్ ఇవ్వరు) కొన్ని కోర్టుల్లో చెరిగిపోయి ఉంటుంది. మ్యాచ్‌కి ముందే చాక్‌పీసుతో గీయించు.

పడిపోయినవాడిని చూసి జాలిపడి ఊదకు. పడటం సాక్ష్యం కాదు. అలాగే బంతి బాస్కెట్‌లో పడిందా లేదా చూసి ఫౌల్ నిర్ణయించే అలవాటు చేసుకోకు. షూటర్ చేతి మీద దెబ్బ తగిలి షాట్ దెబ్బతింటే అది ఫౌలే. దెబ్బ తగిలినా బంతి పడితే బాస్కెట్ లెక్కించి ఒక ఫ్రీ త్రో ఇస్తావు. విజిల్‌ని అరక్షణం ఆపడం మంచిదే, ఎందుకంటే కదలిక మొదలు, మధ్య, చివర మూడూ చూడాలి. కానీ ఆ అరక్షణం చూడటానికి, ఫలితం కోసం ఎదురుచూడటానికి కాదు.

ఏ తాకిడి ఫౌల్, ఏది కాదు అన్నదానికి ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నియమాలే దారి చెప్తాయి: నియమం వెనక ఉన్న ఉద్దేశం, తాకిడితో ఎవరికి లాభం, ఎవరికి నష్టం అని చూడటంలో నిలకడ, ఇంగితం, ఆట మీద అదుపుకీ ఆట సాగడానికీ మధ్య సమతూకం. వీటిలో నిలకడే కష్టమైంది. డ్రిబుల్ చేసేవాడి నడుము మీద చెయ్యి ఆనించి ఉంచితే ఫౌల్ అని మొదటి నాలుగైదు నిమిషాల్లోనే రెండు వైపులా చూపించు. ఆటగాళ్ళు చాలా తెలివైనవాళ్ళు, వెంటనే సర్దుకుంటారు. మొదటి క్వార్టర్‌లో వదిలేసినదాన్ని నాలుగో క్వార్టర్‌లో పట్టుకుంటేనే వాళ్ళు మోసపోయినట్టు బాధపడతారు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు.

ఇక అన్నిటికంటే మోసకారి విషయం, ఫౌల్ లెక్క సమం చెయ్యడం. మూడో క్వార్టర్‌లో ఐదు నిమిషాలు గడిచాయి. బోర్డు మీద హోమ్ టీమ్‌కి నాలుగు ఫౌల్స్, వచ్చిన జట్టుకి ఒకటి. ఇంకొక్క ఫౌల్ పడితే హోమ్ టీమ్ మీద రెండు ఫ్రీ త్రోలు మొదలవుతాయి. జనం “రెఫ్, అటు కూడా చూడు” అని అరుస్తున్నారు. ఆ క్షణంలో నీకు తెలియకుండానే నీ చెవి అటు తిరుగుతుంది, రీబౌండ్‌లో చిన్న ఆనుడు కూడా తోపుడులా కనపడుతుంది. ఇది ఒక్క నీ బలహీనత కాదు. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో 2004-05 సీజన్‌కి చెందిన 365 మ్యాచ్‌ల ఫౌల్స్‌ని లెక్కగట్టి 2009లో ఒక పరిశోధన ప్రచురించారు. ఏ జట్టుకి ఫౌల్స్ తక్కువున్నాయో తర్వాతి ఫౌల్ ఆ జట్టు మీద పడే అవకాశం ఎక్కువ. తేడా పెరిగేకొద్దీ ఆ మొగ్గు పెరిగింది. బయటి నుంచి వచ్చిన జట్టు మీదా, ఆధిక్యంలో ఉన్న జట్టు మీదా కూడా ఎక్కువగానే పడ్డాయి. అన్నీ కలిసొస్తే తర్వాతి ఫౌల్ వచ్చిన జట్టు మీద పడే అవకాశం 70 శాతం దాకా వెళ్ళింది. డబ్బు తీసుకుని పనిచేసే రిఫరీల సంగతే ఇది.

ఒక జట్టు ఒళ్ళు తగిలించి మ్యాన్-టు-మ్యాన్ ఆడుతూ, ఇంకో జట్టు జోన్‌లో (మనిషిని కాక చోటుని కాపలా కాస్తూ) వెనక్కి ఉండి ఆడుతుంటే ఫౌల్స్ 8-3 అవ్వడం సహజం. వాటిని 8-7 చెయ్యడమే అన్యాయం. అందుకని టీమ్ ఫౌల్స్ ఎన్నో నీకు తెలియాలి, పెనాల్టీ కోసం. ఆ తేడా గురించి మాత్రం ఆలోచించకు. ఒక తప్పు కాల్ ఇచ్చేశావని నీకే అనిపించిందా, వదిలెయ్. దాన్ని అవతల ఇంకో తప్పుతో సరిచేస్తే రెండు తప్పులవుతాయి, ఒకటి తగ్గదు. నాలుగు ఫౌల్స్ మీదున్న మంచి ప్లేయర్ విషయంలోనూ ఇంతే. ఐదోది పడితే బయటికి వెళ్ళిపోతాడని వదలొద్దు, కావాలని వెతకొద్దు.

టేబుల్ గురించి పెద్దగా ఎవరూ చెప్పరు కానీ, మ్యాచ్‌లు అక్కడే పోతాయి. టైమర్, స్కోరర్ సాధారణంగా ఆతిథ్య కాలేజీ విద్యార్థులే. వాళ్ళు దురుద్దేశంతో ఉంటారని అనడం లేదు, ఉత్సాహంలో ఆట చూస్తూ బటన్ మర్చిపోతారు. త్రో-ఇన్‌లో బంతి విసిరినప్పుడు కాదు, లోపలివాడు ముట్టుకున్నప్పుడు క్లాక్ మొదలవ్వాలని ఆ అబ్బాయికి ఓపిగ్గా చెప్పు. నాలుగో క్వార్టర్ చివరి రెండు నిమిషాల్లో బాస్కెట్ పడగానే క్లాక్ ఆగాలని కూడా. షాట్ వెయ్యడానికి ఉన్న 24 సెకన్లు లెక్కపెట్టే షాట్ క్లాక్ యంత్రం లేకపోతే ఒకరికి స్టాప్‌వాచ్ ఇచ్చి, మిగిలిన సెకన్లు రెండు జట్లకీ వినపడేలా గట్టిగా చెప్పమను. అటాకింగ్ రీబౌండ్ వస్తే 24 కాదు, 14కి మార్చాలని గుర్తుచెయ్. స్కోర్‌షీట్ మొదటి, మూడో క్వార్టర్లకి ఎర్ర పెన్నుతో, రెండు, నాలుగు క్వార్టర్లకి నీలం లేక నలుపుతో రాయించు. తేడా వస్తే ఎక్కడ వచ్చిందో రంగు చూసి పట్టుకోవచ్చు. ప్రతి క్వార్టర్ చివర నువ్వే వెళ్ళి స్కోరు, ఫౌల్స్, తర్వాతి జంప్ బాల్‌కి బంతి ఎవరిదో చూపే బాణం చూడు. హాఫ్‌టైమ్‌లో జట్లు వైపులు మారతాయి కదా, ఆ బాణాన్ని తిప్పడం దాదాపు ప్రతి టేబులూ మర్చిపోతుంది. తర్వాతి జంప్ బాల్‌కి (ఇద్దరూ ఒకేసారి బంతిని గట్టిగా పట్టుకున్నప్పుడు) బంతి వేరే జట్టుకి వెళ్ళిపోతుంది, మైదానమంతా గొడవ.

పీడీ సార్లతో, కోచ్‌లతో మర్యాదగా ఉండు, దగ్గరగా ఉండకు. కెప్టెన్ బంతి ఆగినప్పుడు వచ్చి “సార్, ఆ ఫౌల్ ఎవరి మీద?” అని అడిగితే జవాబు చెప్పు, అది అతని హక్కు. కోచ్ ఒకసారి అరిస్తే పోనీ. అదే పనిగా అరుస్తుంటే ఆట ఆగినప్పుడు దగ్గరికెళ్ళి మెల్లగా హెచ్చరించు. ఆ తర్వాత టెక్నికల్ ఫౌల్, అంటే ప్రవర్తనకి పడేది. దానికి అవతలి జట్టుకి ఒక ఫ్రీ త్రో, తర్వాత ఆట ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే. ఒక కోచ్‌ని రెండుసార్లు హెచ్చరించి, ఇంకొకరికి మొదటిసారే టెక్నికల్ ఇస్తే అక్కడ కూర్చున్న ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకుంటారు. పెద్ద కాలేజీ కోచ్ అయినా, ఎవరూ పట్టించుకోని కాలేజీ కోచ్ అయినా ఒకే మెట్లు.

చివరి రెండు నిమిషాల్లో వెనకబడిన జట్టు కావాలని ఫౌల్ చేస్తుంది. బంతి కోసం చెయ్యి వేస్తే మామూలు ఫౌల్. బంతిని వదిలేసి నడుము పట్టుకున్నా, ఫాస్ట్ బ్రేక్‌లో ముందెవరూ లేనివాణ్ణి వెనక నుంచి లాగినా అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్ ఫౌల్ (క్రీడాస్ఫూర్తికి విరుద్ధమైనది), అవతలి జట్టుకి రెండు ఫ్రీ త్రోలూ బంతీ. ఇది ఇవ్వడానికి కొత్త రిఫరీలు భయపడతారు, మ్యాచ్ మన వల్ల పోయిందంటారని. ఇవ్వకపోయినా మన వల్లే పోతుంది, కాకపోతే అవతలి జట్టుకి.

ఏవి వెనక్కి తిప్పొచ్చో కూడా కచ్చితంగా తెలుసుకుని వెళ్ళు. అర్హత లేని ఫ్రీ త్రో ఇవ్వడం, రావాల్సినది ఇవ్వకపోవడం, ఒకరికి బదులు ఇంకొకరు వెయ్యడం, పాయింట్లు తప్పుగా కలపడం లేదా తీసెయ్యడం, వీటిని సరిచేయొచ్చు. తప్పు జరిగి క్లాక్ మొదలయ్యాక బంతి మొదటిసారి ఆగుతుంది చూడు, అది మళ్ళీ ఆటలోకి రాకముందే గమనించాలి. నీ ఫౌల్ జడ్జిమెంట్ మాత్రం ఎవరు ఎంత అరిచినా మారదు.

నువ్వు చదివిన కాలేజీ, మీ తమ్ముడో చెల్లెలో చదివే కాలేజీ ఆడుతుంటే ఆర్గనైజర్‌కి ముందే చెప్పి ఆ మ్యాచ్ మార్పించుకో. భోజనం అందరితో పాటే తిను, ఒక జట్టు గదిలో కూర్చుని తినకు. మ్యాచ్‌కి 20 నిమిషాల ముందు కోర్టులో ఉండాలి, నీ అధికారం అప్పటి నుంచే మొదలు.

ఆట అయ్యాక స్కోర్‌షీట్ మీద తొందరపడి సంతకం చెయ్యకు. నువ్వు క్రూ చీఫ్‌వి (ముఖ్య రిఫరీవి) అయితే ఆ సంతకంతో మ్యాచ్‌కీ మీకూ సంబంధం తెగిపోతుంది. ఓడిన జట్టు ప్రొటెస్ట్ ఇవ్వాలనుకుంటే మ్యాచ్ ముగిసిన 15 నిమిషాల్లోపు కెప్టెన్ చెప్పి, షీట్‌లో అతనికి కేటాయించిన చోట సంతకం పెట్టాలి. ఆ గడి ఎక్కడుందో అడిగితే నువ్వే వేలు పెట్టి చూపించు. ఆ పిల్లలకి తెలియదు.

ప్రేమతో,
మీ అన్న