గదిలో మట్టి పోసి కళ అంటే నమ్మాలా?

"మట్టి, రాళ్ళు, ఆకులు తెచ్చి గదిలో పెట్టి కళ అంటారే, వాటిని చూసి మీలో ఎవరికైనా నిజంగా ఏమైనా అనిపించిందా?" అని కదా మీరడిగింది. నాకు అనిపించింది. కానీ ఆ గొప్ప నాది కాదు, మా నాన్నది.

న్యూయార్క్‌లో వూస్టర్ స్ట్రీట్, 141 నంబరు. ఒక అంతస్తు మెట్లెక్కితే 'ఎర్త్ రూమ్'. అమెరికన్ శిల్పి వాల్టర్ డి మరియా 1977లో చేశాడు. తెల్లగోడల మధ్య 3,600 చదరపు అడుగుల మేర, 22 అంగుళాల మందాన మట్టి. ఇంకేం లేదు. మూడు నెలలకని పెట్టింది ఇప్పటికీ ఉంది. టికెట్ లేదు, ఫొటోలు తియ్యనివ్వరు. అక్కడికి వెళ్ళడానికి టోలుకీ పార్కింగుకీ నాకు వదిలింది మాత్రం అడక్కండి.

నాన్న ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చాడు. గుంటూరు జిల్లాలో నల్లరేగడి, పత్తీ మిరపా వేసిన మనిషి. జెర్సీలో మా అపార్ట్‌మెంట్‌లో ఆయనకి పొద్దుపోదు. అంతకుముందు వారం పెద్ద మ్యూజియానికి తీసుకెళ్తే బెంచీ మీద కూర్చుని కునికాడు. తప్పు ఆయనది కాదు. ప్రతి బొమ్మ పక్కనా అంతంత రాత రాసి గోడకి అంటిస్తే, చదవడానికే సరిపోతుంది, చూసేదెప్పుడు?

ఇక్కడ మెట్ల మధ్యలోనే ఆగాడు. "వానొచ్చిందేందిరా?" అన్నాడు. బయట అక్టోబరు ఎండ ఫెళ్ళున కాస్తోంది. నాకేం వాసన తెలియలేదు. ఇంకో నాలుగు మెట్లెక్కాక తెలిసింది. తడి నేల వాసన, చల్లగా, కాస్త పుట్టగొడుగు వాసన కలిసి. లోపల వీధి రొద వినపడదు. మట్టి చప్పుడుని తాగేస్తుందని నా గట్టి నమ్మకం.

గుమ్మం దగ్గర మోకాలెత్తు గాజు పలక అడ్డం ఉంది. దాని ముందుకొచ్చి ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పేశాడు. చేలో దిగేముందు చెప్పులు విడిచే అలవాటు. నేను సిగ్గుపడి "నాన్నా, లోపలికి పోనివ్వరు" అన్నాను. వినలేదు. వంగి చూస్తూ, "ఎనిమిది సెంట్లు ఉంటదా?" అన్నాడు. ఫోన్‌లో లెక్కేశాను, ఎనిమిదీ పావు. తర్వాత, "మంచి పదును మీదుంది. ఇత్తనం ఎయ్యరా?" అన్నాడు.

వెయ్యరు. నీళ్ళు చల్లుతారు, దంతె లాంటిదాంతో సవరిస్తారు, మొలిచినవీ పుట్టగొడుగులూ ఏరేస్తారు. అదంతా చెప్తే నాన్న మొహం చూడాలి! "తడిపి తడిపి ఖాళీగా ఉంచుతారా?" అని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. ఆ మాట విన్నాకే నాకు అసలు చూపు వచ్చింది. అప్పటిదాకా ఒకటే నలుపనుకున్నది గోడ పక్కన గోధుమరంగు తిరిగి ఉంది, కిటికీ వెలుతురు పడ్డచోట గడ్డల మీద సన్నటి మెరుపుంది. ముట్టుకోనివ్వరు కాబట్టే కళ్ళూ ముక్కూ అంత పనిచేశాయని నేనంటాను. కాళ్ళకింద ఉన్నప్పుడు మనం మట్టిని చూడం, తొక్కుతాం.

మా బావకి చెప్తే, "ఫొటో లేకపోతే వెళ్ళినట్టు రుజువేంటి?" అన్నాడు. ఇంకొకాయన, "మా చేలో ఎకరాలకెకరాలు ఉచితంగా ఉంది" అన్నాడు. ఉంది సరే, ఆయన చేలో అడుగుపెట్టి పదిహేనేళ్ళైంది. బాల్కనీ కుండీల్లోకి కొబ్బరిపొట్టు సంచీలు ఆన్‌లైన్‌లో కొంటాడు.

బయటికొచ్చాక వీధి చెట్టు మొదట్లో నాన్న చిటికెడు మట్టి తీసి వేళ్ళతో నలిపి చూశాడు. "ఇందులో ఏం లేదు, ఉత్త ఇసక" అని దులిపేసుకుని, మళ్ళీ ఆ గుమ్మం వైపే చూస్తూ, "రేపూ తెరిచే ఉంటదా?" అనడిగాడు.